పదిని విడగొట్టి చేసే తీసివేత: దిమ్మెలతో నేర్పేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

రెండంకెల, మూడంకెల తీసివేతలు నేర్పే టీచర్లకు, ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పే పెద్దలకు ఈ ప్రశ్నలు. ఉదాహరణగా ఎక్కువచోట్ల ఒకే లెక్క కనిపిస్తుంది: 53 − 27. దాన్నే ఎందుకు పట్టుకున్నామో మధ్యలో ఒకచోట చెప్పాం.

ఏయే దిమ్మెలు కావాలి? ఎన్ని కావాలి?

నాలుగు రకాలుంటాయి. ఒక సెంటీమీటరు ఘనం ఒకటి. అలాంటివి పది వరసగా అతికించినట్టుండే కడ్డీ పది. పది కడ్డీలు పక్కపక్కన పేర్చినంత పలక వంద. పది పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత పెట్టె వెయ్యి. హంగరీలో పుట్టిన గణితవేత్త జోల్టాన్ డీన్స్ (1916–2014) వీటిని బడుల్లో బాగా ప్రచారంలోకి తెచ్చారు కాబట్టి డీన్స్ బ్లాకులని కూడా అంటారు.

రెండంకెల లెక్కలకు ఇద్దరు పిల్లలకు కలిపి 10 కడ్డీలు, 20 ఒకట్లు చాలు. ఒకట్ల గడిలో ఎప్పుడూ 18కి మించి చేరవు. పై సంఖ్యలోని ఒకట్లు సరిపోనప్పుడే కదా ఒక కడ్డీని పది ఒకట్లుగా మారుస్తాం. అంటే పైన ఎక్కువలో ఎక్కువ 8 ఉంటాయి, వాటికి పది కలిస్తే 18. మూడంకెలకు 10 పలకలు, 20 కడ్డీలు, 20 ఒకట్లు. పెద్ద పెట్టె మొత్తం క్లాసుకు ఒకటున్నా గడిచిపోతుంది.

కొనేటప్పుడు వీలైతే అన్నీ ఒకే రంగువి తీసుకోండి. కడ్డీలు ఒక రంగు, ఒకట్లు ఇంకో రంగు అయితే కొందరు పిల్లలు పొడవు చూడడం మానేసి రంగును బట్టి విలువ చెప్పడం మొదలుపెడతారు. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే ఒకట్లను వాళ్లకు అందనివ్వకండి, గొంతులో ఇరుక్కునే సైజు.

కొనకుండా తయారు చేసుకోవచ్చా?

నిక్షేపంగా. ఏ4 సైజు మందపాటి అట్ట 21 × 29.7 సెం.మీ. ఉంటుంది. రెండంకెల లెక్కలకైతే అట్టంతా 10 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. వెడల్పు పట్టీలుగా కోయండి. రెండు వరసల్లో 29 చొప్పున 58 పట్టీలు వస్తాయి. ఒక జతకు 10 పట్టీలు, మరో రెండు పట్టీలు ముక్కలు చేస్తే 20 ఒకట్లు. అంటే ఒక్క అట్టతో నాలుగు జతలకు సరంజామా తయారు. పలకలు కూడా కావాలంటే అట్టలో 20 × 20 సెం.మీ. భాగాన్ని నాలుగు పలకలుగా కోసి, మిగిలినదాంట్లో 18 పట్టీలు తీయొచ్చు.

ప్రతి పట్టీ మీదా సెంటీమీటరుకో గీత, పలక మీద నిలువు, అడ్డ గీతలు తప్పకుండా గీయాలి. గీతల్లేని పట్టీ పిల్లలకు ఉత్త అట్టముక్కే, అందులో పది కనబడవు. పలచటి కాగితం మాత్రం వద్దు. ఫ్యాను గాలికి ఒకట్లన్నీ లేచిపోయి, వాటిని ఏరుకోవడంతోనే పీరియడ్ అయిపోతుంది.

పుల్లల కట్టలు వాడాలా, దిమ్మెలు వాడాలా?

రెండూ వాడండి, పుల్లలు ముందు. పది పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన కట్టను పిల్లలు నిజంగా విప్పగలరు. విప్పాక అవే పుల్లలు కళ్ల ముందే ఉంటాయి, కొత్తవేవీ రావు. దిమ్మెల కడ్డీ విరగదు. దాన్ని ఇచ్చేసి బదులుగా పది ఒకట్లు తెచ్చుకోవాలి. విప్పడం కంటే మార్చుకోవడం ఒక మెట్టు కష్టం. కట్టలతో మూడు నాలుగు రోజులు గడిపాక దిమ్మెల్లోకి వస్తే ఆ మెట్టు సులువుగా ఎక్కుతారు.

ఒకటి, పది, వంద అని రాసిన ఒకే సైజు బిళ్లలు అన్నిటికంటే ఆఖరున. వాటిలో పది ఒకటి కంటే పెద్దగా కనబడదు, అంకెను నమ్మాల్సిందే.

మొదలుపెట్టేముందు పిల్లలకు ఏం వచ్చి ఉండాలి?

ముఖ్యంగా రెండు. మొదటిది, 20లోపు తీసివేతలు: 13 − 7, 15 − 8 లాంటివి వేళ్లు లెక్కపెట్టుకుంటూనైనా చేయగలగాలి. రెండోది, ఒకే సంఖ్యను ఒకటికి మించిన రకాలుగా పేర్చగలగడం. 53 అంటే 5 కడ్డీలు, 3 ఒకట్లు. 4 కడ్డీలు, 13 ఒకట్లు పెట్టినా 53 అవుతుంది. 3 కడ్డీలు, 23 ఒకట్లు పెట్టినా అంతే.

ఈ రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు. తీసివేత ఊసెత్తకుండా ఒక పీరియడంతా దీనికే ఇవ్వండి: "34ని ఎన్ని రకాలుగా పేర్చగలవు?" నాలుగు రకాలూ వస్తే (3 పదులు 4 ఒకట్లు, 2 పదులు 14, 1 పది 24, ఉత్త 34 ఒకట్లు) సగం పని అయినట్టే. ఈ ఆటకు మాత్రం పక్క జతవి కూడా కలుపుకోవాలి, 20 ఒకట్లు చాలవు.

53 − 27 ని వరసగా ఎలా చేయించాలి?

బల్ల మీద మూడు చోట్లు ఏర్పాటు చేయండి: "పదులు", "ఒకట్లు" అని రెండు గడులు గీసిన కాగితం, మార్చుకోవడానికి బ్యాంకు డబ్బా, తీసేసినవి పెట్టడానికి ఖాళీ ప్లేటు. ప్లేటు లేకపోతే పిల్లలు తీసేసినవాటిని కూడా బ్యాంకులో పడేస్తారు. ఇక జవాబు సరిచూసుకోవడానికి ఏమీ మిగలదు.

1. కాగితం మీద 53 పేర్చాలి: పదుల గడిలో 5 కడ్డీలు, ఒకట్ల గడిలో 3. 27ని చీటీ మీద రాసి పైన పెట్టండి.

2. అడగండి: "7 ఒకట్లు తీయాలి. ఉన్నాయా?" పిల్లలే లెక్కపెట్టి లేవని చెప్పాలి. మీరు చెప్పేయకండి.

3. ఒక కడ్డీని ఒకట్ల గడిలోకి కాదు, బ్యాంకు దగ్గరికి తీసుకెళ్లాలి. దాని పక్కన ఒకట్లను ఒక్కొక్కటీ పేర్చి, రెండు కొసలూ సమానమయ్యాకే కడ్డీని డబ్బాలో వేసి పది ఒకట్లూ తెచ్చుకోవాలి.

4. ఇక్కడ ఆగండి. "ఇప్పుడు కాగితం మీద మొత్తం ఎంతుంది?" 4 కడ్డీలు, 13 ఒకట్లు: 40, 13, మొత్తం 53. పాఠమంతటికీ ఆయువుపట్టు ఈ ప్రశ్నే. ఇంకా ఏమీ తీయలేదు కాబట్టి సంఖ్య మారకూడదు. "43" అనో "63" అనో జవాబొస్తే ముందుకెళ్లొద్దు, మళ్లీ పేర్పించండి.

5. 7 ఒకట్లు ప్లేటులోకి. 6 మిగిలాయి.

6. 2 కడ్డీలు ప్లేటులోకి. 2 మిగిలాయి. కాగితం మీద 26.

7. సరిచూడడం: ప్లేటులోని 27ని తిరిగి కాగితం మీదికి తేవాలి. ఒకట్లు 13 అవుతాయి, అందులో పదింటిని బ్యాంకులో ఇచ్చి కడ్డీ తెచ్చుకుంటే మొదట పేర్చిన 53 మళ్లీ వచ్చేస్తుంది. కూడికలో పైకి చేర్చే పది, తీసివేతలో విడగొట్టే పది ఒకటేనని పిల్లలకు ఇక్కడే కనబడుతుంది.

27ని కూడా దిమ్మెలతో పేర్చాలా?

వద్దు. రెండూ పేరిస్తే బల్ల మీద 80 విలువ చేసే దిమ్మెలుంటాయి. పిల్లలు వాటిని కలిపేస్తారు, లేదంటే ఏది తీయాలో తెలియక మీ మొహం చూస్తారు. తీయాల్సిన 27 ఆ 53లోనే ఉంది.

రెండూ పేర్చాల్సిన లెక్కలు వేరు: "ఒకరి దగ్గర 53 పూసలు, ఇంకొకరి దగ్గర 27. ఎన్ని ఎక్కువ?" ఇది పోలిక. ఇక్కడ పైన ఒకటి, కింద ఒకటి రెండు వరసలు పేర్చి జతలు కలపాలి. ఈ రెండు రకాలనూ ఒకే రోజు చెప్పకండి.

"అప్పు తెచ్చుకోవడం" అనొచ్చా?

అందరి నోటా ఉన్న మాటే, తప్పేం కాదు. కానీ అప్పంటే తిరిగి తీర్చాలి. ఇక్కడ ఆ పదిని ఎవరూ తిరిగివ్వరు, అది ఎవరిదో సొమ్ము కూడా కాదు. ఆలోచించే పిల్లలు "ఎప్పుడిచ్చేస్తాం?" అని అడుగుతారు, వాళ్ల ప్రశ్న న్యాయమైనదే. పదిని "విడగొట్టాం", "చిల్లర చేశాం" అంటే జరిగింది జరిగినట్టు చెప్పినట్టవుతుంది. నోటును చిల్లర చేస్తే డబ్బు తగ్గదు, పెరగదు.

అప్పు తీర్చే పద్ధతి వేరే ఉంది. కొందరు పెద్దవాళ్లు పైన 3ని 13 చేసి, 5ని తగ్గించకుండా కింది 2ని 3 చేస్తారు: 13 − 7 = 6, 5 − 3 = 2. రెండు సంఖ్యలకూ పదేసి కలిపారు కాబట్టి తేడా మారదు, పద్ధతి సరైనదే. చిక్కల్లా బడిలో ఒకటి, ఇంట్లో ఒకటి నేర్పినప్పుడే. పిల్లవాడు పైన 5ని 4 చేసి, కింద 2ని 3 కూడా చేసి 16 అని రాసుకొస్తాడు.

మార్చుకునేటప్పుడు ఎక్కడ తప్పుతారు?

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, బ్యాంకు నుంచి పది ఒకట్లు తెచ్చుకుని కడ్డీని ఇవ్వకుండా కాగితం మీదే వదిలేయడం. అప్పుడు 53 కాస్తా 63 అయిపోతుంది. ఒక చేత్తో ఇచ్చి, రెండో చేత్తో పుచ్చుకోవడం అలవాటు చేయండి. బ్యాంకులో కూర్చున్న పిల్ల కడ్డీ చేతిలో పడందే ఒకట్లు ఇవ్వకూడదు.

కడ్డీని అలాగే ఒకట్ల గడిలోకి జరపడం ఇంకొకటి. ఇది మరీ తప్పు ఆలోచనేం కాదు, కానీ కడ్డీలోంచి 7 ఎలా తీస్తావని అడిగితే వాళ్లే ఆగిపోతారు.

లెక్క తప్పి తొమ్మిదో, పదకొండో తెచ్చుకునేవాళ్లుంటారు. కడ్డీ పక్కన పేర్చమనడం అందుకే. ఒకట్లను అయిదేసి రెండు వరసలుగా పెట్టుకుంటే ఇంకా మంచిది, 13 ఉన్నాయో 12 ఉన్నాయో చూపుకే తెలిసిపోతుంది.

కొద్ది రోజులు పోయాక వచ్చే తప్పు ఇంకోటుంది: 68 − 25లో కూడా కడ్డీ విడగొట్టేయడం. వరసగా పది లెక్కలూ విడగొట్టాల్సినవే ఇస్తే జరిగేది ఇదే. మూడు లెక్కలకొకటి విడగొట్టక్కర్లేనిది కలపండి, "ఉన్నాయా?" అనే ప్రశ్న బతికుంటుంది.

జవాబు చూసి తప్పు ఎక్కడుందో పట్టుకోవచ్చా?

లెక్కను జాగ్రత్తగా ఎంచుకుంటే పట్టుకోవచ్చు. 53 − 27కి జవాబు 34 వచ్చిందంటే, ఒకట్లలో 3లోంచి 7 పోదని 7లోంచి 3 తీసేశారు. "ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలి" అని మనమే ఎప్పుడో చెప్పి ఉంటాం, అది ఇలా తిరిగొచ్చింది. 36 వస్తే, ఒకట్లను 13 చేశారు గానీ పదుల్లో ఒకటి తగ్గించలేదు. 16 వస్తే పైన 5ని 4 చేసి, కింద 2ని 3 కూడా చేశారు. 80 వస్తే గుర్తు చూడకుండా కలిపేశారు.

ఇదే 52 − 27 ఇచ్చి ఉంటే? పెద్దదాంట్లోంచి చిన్నది తీసినవాళ్లకు 35 వస్తుంది. పది తగ్గించడం మరిచినవాళ్లకూ 35 వస్తుంది. కింది ఒకట్ల అంకె పైదానికంటే సరిగ్గా 5 ఎక్కువుంటే ఈ రెండు తప్పులకూ జవాబు ఒకటే. 52 − 27, 41 − 16, 83 − 38 లాంటివి సాధనకు పనికొస్తాయి గానీ, పరీక్షించడానికి వద్దు. చివరిదైతే తారుమారైన అంకెలతో ఇంకో గందరగోళం కూడా.

మొదటి రోజు లెక్కల విషయానికొస్తే, 30 − 4, 50 − 8 లాంటివాటితో మొదలుపెట్టండి. ఒకట్ల గడి ఖాళీగా ఉంటుంది కాబట్టి కడ్డీని విడగొట్టక తప్పదు. తర్వాత 42 − 7, ఆపైన 53 − 27. పదుల్లో సున్నా మిగిలే 52 − 48 లాంటివి చివర్లో.

పిల్లలు పదుల నుంచి మొదలుపెడుతున్నారు. ఆపాలా?

దిమ్మెలతో చేసేటప్పుడు ఆపక్కర్లేదు. ముందు 2 కడ్డీలు తీస్తే 33 మిగులుతుంది, ఒక కడ్డీ విడగొడితే 2 కడ్డీలు, 13 ఒకట్లు, 7 తీస్తే 26. చదివేది ఎడమ నుంచే కాబట్టి తీసేదీ అటు నుంచే తీస్తారు. రాతలో మాత్రం ఇలా చేస్తే పదుల జవాబు 3 అని రాసి, మళ్లీ కొట్టేసి 2 వేయాలి. ఒకట్ల నుంచి మొదలుపెట్టేది ఆ కొట్టివేత తప్పించుకోవడానికే. ఈ కారణం పిల్లలకు చెప్పండి, రూలన్నట్టు చెప్పొద్దు.

302 − 148 లాంటివాటిలో మధ్యలో సున్నా వస్తే?

తీసివేతల్లో పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే, దిమ్మెలు బాగా అక్కరకొచ్చేదీ ఇక్కడే. పేర్చాలి: 3 పలకలు, పదుల గడి ఖాళీ, 2 ఒకట్లు. 8 ఒకట్లు కావాలి, లేవు. పదుల గడికి వెళ్తే అక్కడ ఒక్క కడ్డీ లేదు. పిల్లల చెయ్యి పలక మీదికి వెళ్తుంది, పలకను బ్యాంకులో ఇచ్చి పది ఒకట్లు అడుగుతారు. ఇవ్వకండి. పలక మీద ఒకట్లు పేర్చి చూపించమనండి. పది పెట్టేసరికి ఒక వరసే నిండుతుంది, ఇంకా తొమ్మిది వరసలు ఖాళీ. పలకకు పది కడ్డీలు రావాలని వాళ్లకే తెలుస్తుంది.

ఇప్పుడు 2 పలకలు, 10 కడ్డీలు, 2 ఒకట్లు. ఇంకా 302. ఒక కడ్డీ విడగొడితే 2 పలకలు, 9 కడ్డీలు, 12 ఒకట్లు. ఇంకా 302. ఇక తీయడమే: 12 − 8 = 4, 9 − 4 = 5, 2 − 1 = 1. జవాబు 154.

నోటుబుక్కులో "సున్నా తొమ్మిదవుతుంది" అని మనం మంత్రంలా చెప్పేది ఈ తొమ్మిది కడ్డీల గురించే. పది వచ్చాయి, ఒకటి పోయింది. ఆ రెండు మార్పులనూ విడివిడిగా రాయించండి: ముందు సున్నాను కొట్టి 10, తర్వాత 10ని కొట్టి 9. చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది, ఉండనివ్వండి. జవాబు 164 వచ్చిందంటే 10ని 9 చేయడం మరిచారు. 246 అయితే పెద్దదాంట్లోంచి చిన్నది తీసే పాత అలవాటు. 144 గానీ 104 గానీ వస్తే పలకను నేరుగా ఒకట్లలోకి మార్చేశారు.

వెయ్యిలోంచి తీసేటప్పుడు?

1000 − 367కు పెట్టె పది పలకలుగా, అందులో ఒకటి పది కడ్డీలుగా, అందులో ఒకటి పది ఒకట్లుగా మారాలి: 9 పలకలు, 9 కడ్డీలు, 10 ఒకట్లు. జవాబు 633. పెట్టెలో ఎన్ని ఒకట్లున్నాయో ముందే అడిగి చూడండి. బయటికి కనబడే ఆరు ముఖాలు లెక్కపెట్టి "600" అనేవాళ్లు ఉంటారు. పది పలకలు దొంతరగా పెట్టి పెట్టె పక్కన నిలబెడితే లోపల కూడా ఉంటాయని తెలుస్తుంది.

దిమ్మెలతో బాగానే చేస్తున్నారు, నోటుబుక్కులో మళ్లీ పాత తప్పులే. ఎందుకు?

చేత్తో చేసింది ఒకటి, రాసింది ఒకటి అయినందువల్ల. లెక్కంతా దిమ్మెలతో ముగించి జవాబు మాత్రం రాస్తే, కొట్టివేతలకూ కడ్డీలకూ సంబంధమే తెలియదు. కదలిక ఒకటి, వెంటనే రాత ఒకటి ఉండాలి. కడ్డీ బ్యాంకులో పడగానే పెన్సిలు తీసి 5ని కొట్టి 4 రాయాలి. పది ఒకట్లు గడిలోకి రాగానే 3ని కొట్టి 13 రాయాలి. అప్పుడే 7 తీయాలి. ఇద్దరుంటే ఒకరు దిమ్మెలు జరపాలి, ఇంకొకరు రాయాలి. రాసేవారు "ఆగు, ఇంకా రాయలేదు" అనగలగాలి. రెండు లెక్కలకొకసారి పాత్రలు మార్చండి.

తర్వాతి మెట్టు బొమ్మలు. పలకకు చతురస్రం, కడ్డీకి నిలువు గీత, ఒకటికి చుక్క. విడగొట్టాలంటే ఒక గీతను కొట్టేసి, పక్కన అయిదేసి చొప్పున రెండు వరసల చుక్కలు. దిమ్మెల నుంచి నేరుగా అంకెల్లోకి దూకిస్తే జారిపడేవాళ్లకు ఈ మెట్టు కావాలి.

ఆటలా ఏదైనా ఉందా?

సున్నాకు చేరే ఆట. ఒక్కొక్కరూ 5 కడ్డీలతో మొదలుపెట్టి పాచిక వేసి, పడినన్ని ఒకట్లు బ్యాంకులో ఇచ్చేయాలి. మొదటి విసురుకే కడ్డీ విడగొట్టాల్సి వస్తుంది, అందుకే ఈ ఆట. ముందు సున్నాకు చేరినవాళ్లు గెలిచినట్టు. అలవాటయ్యాక ఒక పలకతో, రెండు పాచికలతో ఆడించండి.

దిమ్మెలు మొదటిసారి చేతికొచ్చినప్పుడు పిల్లలు ఇళ్లు, గోపురాలు కడతారు. పది నిమిషాలు కట్టనివ్వండి. వద్దంటే పాఠం మధ్యలో కడతారు.

స్క్రీన్ మీది దిమ్మెలు సరిపోతాయా?

సరిచూసుకోవడానికి పర్వాలేదు, మొదట నేర్పడానికి వద్దు. చాలావాటిలో కడ్డీని నొక్కగానే అదే పది ముక్కలైపోతుంది. ఇచ్చిపుచ్చుకోవడంలో, పది లెక్కపెట్టడంలో తప్పు చేసే అవకాశమే ఉండదు. తప్పు చేసి దిద్దుకోవడానికే కదా దిమ్మెలు.

ప్రతి తీసివేతా ఇలాగే చేయాలా?

అక్కర్లేదు. 302 − 298కి పలకలు విడగొట్టడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. 298 నుంచి 302కి నాలుగడుగులు. 300 − 148లో రెండింటిలోంచీ ఒకటి తగ్గించి 299 − 147 చేసుకుంటే దేన్నీ విడగొట్టకుండా 152 వచ్చేస్తుంది. విడగొట్టడం బాగా వచ్చిన పిల్లలకు ఇలాంటివి చూపించండి, ముందే చూపిస్తే కలగాపులగమవుతుంది.

దిమ్మెలు ఎప్పుడు పక్కన పెట్టాలి?

తేదీ పెట్టుకోకండి, పరీక్ష పెట్టుకోండి. 64 − 38 పేర్పించి, దిమ్మెల మీద గుడ్డ కప్పండి. ముట్టుకోకుండా చెప్పమనండి: ఏది బ్యాంకుకు వెళ్తుంది, గుడ్డ కింద ఇప్పుడు ఏమున్నాయి, మొత్తం ఎంత? "అయిదు కడ్డీలు, పద్నాలుగు ఒకట్లు, ఇంకా అరవై నాలుగే" అని తడుముకోకుండా చెబితే ఆ పిల్లకు దిమ్మెల పని తీరింది. గుడ్డ ఎత్తి చూస్తానంటే చూడనివ్వండి, ఇంకో రెండు రోజుల తర్వాత మళ్లీ కప్పి అడగండి. సున్నాలున్న మూడంకెల లెక్కలు వచ్చినప్పుడు డబ్బా మళ్లీ బల్ల మీదికి రావాల్సిందే, రెండంకెల్లో అవసరం తీరినా సరే.